మాస్టారికి ఎర్త్ పెట్టిన పిల్ల

కాదండీ, ఎంత చెప్పినా మీరు మళ్ళీ అక్కడికే వస్తున్నారు. అది టవర్ కాదు. తీగ. బట్టలారేసుకునే తీగ కంటే సన్నం. దాని మీద తడి తువ్వాలు వేస్తే తువ్వాలుతో సహా కిందికొస్తుంది. దాని వల్ల కొబ్బరి పిందెలు రాలవు, పిచ్చుకలు చావవు, ఎవరికీ తలనొప్పి రాదు. ఏలూరులో మా వీధిలో ఇంటింటికీ ఇదే చెప్పాను. ఇస్త్రీ బండాయన అంతా విని, "అయితే టవర్ ఎప్పుడు లేస్తుందండీ?" అన్నాడు. పాలాయన ఇంకా నయం, "మా సెల్లుకి సిగ్నలు అందట్లేదు పాపగారూ, కాస్త మా వైపు తిప్పండి" అని బతిమాలాడు.

ఇంత జరిగాక కూడా, గొడవంతా నా నోటి వల్లే వచ్చిందని మా అమ్మ చెబుతూ తిరుగుతోంది. ఆవిడ చెప్పింది మీరు వినే ఉంటారు. ఇప్పుడు నేను చెప్పేది వినండి.

నేను హైదరాబాదులో, అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో పెరిగాను. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హామ్ రేడియో, అంటే సొంత సెట్‌తో గాలిలో ఎవరితోనైనా మాట్లాడే సరదా, దాని పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ తర్వాత పాత సెట్ ఒకటి కొన్నాను. కానీ సెట్ ఒక్కటీ ఉంటే సరిపోదు, యాంటెన్నా కావాలి. యాంటెన్నా పేరెత్తగానే అసోసియేషన్ వాళ్ళు, బిల్డింగు అందం పోతుందన్నారు. ఆ బిల్డింగుకి అందమెక్కడుందో చూపించమని అడిగాను. దాంతో వాళ్ళకీ నాకూ మాటల్లేకుండా పోయాయి. సెట్ మంచం కిందికి చేరింది.

తర్వాత బ్యాంకులో పనిచేసే మా అమ్మకి ఏలూరు బదిలీ అయింది. నా ఉద్యోగం ల్యాప్‌టాప్‌లోనే కాబట్టి నేనూ వచ్చేశాను. అమ్మది ఉంగుటూరు పక్క ఊరు. ఇన్నేళ్ళూ హైదరాబాదులో నాతో సమానంగా అరిచిన మనిషి, ఏలూరు స్టేషన్లో దిగగానే ఆటో అతన్ని "ఏవండీ, కాస్త వస్తారాండీ?" అని అడిగింది. నేను పక్కకి తిరిగి చూశాను, వేరే ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని.

మాకు దొరికిన అద్దె ఇల్లు చిన్నదే గానీ, పైన డాబా మొత్తం మాదే. ఇంటాయన ద్వారకా తిరుమలలో పూజ సామాను దుకాణం నడుపుతాడు. ఫోన్ చేసి యాంటెన్నా సంగతి చెబితే, "డాబాకి మేకులు కొట్టకండమ్మా, కారుతుంది. మిగతాది మీ ఇష్టం" అన్నాడు. అసోసియేషన్ లేదు, మీటింగు లేదు. ఆ రోజే సెట్ మంచం కింది నుంచి బయటికొచ్చింది.

అయితే ఒక చిక్కు. ఈ తీగ పొడవు మన ఇష్టానికి ఉండదు. మనం మాట్లాడే తరంగం ఎంత పొడవో, తీగ అందులో సగం ఉండాలి. నాకు కావలసిన నలభై మీటర్ల బ్యాండుకి ఇరవై మీటర్ల తీగ. మా డాబా ఆ చివరి నుంచి ఈ చివరికి కొలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఫోన్లో దిక్కులు చూసుకుంటూ డాబా అంతా తిరిగాను. వీధి వైపు ఒక గొట్టం నిలబెట్టి, అక్కణ్ణుంచి తీగ వెనక్కి లాగితే అది నేరుగా వెళ్ళి తగిలేది పక్కింటి పెరట్లోని కొబ్బరిచెట్టుకి. ఇంకే దిక్కులో లాగినా కరెంటు తీగలు అడ్డం. అంటే ఆ చెట్టు దొరికితేనే నా రేడియో, లేకపోతే సెట్ మళ్ళీ మంచం కిందికే.

పక్కింట్లో రిటైరైన మాస్టారూ ఆయన భార్యా ఉంటారు. మా వీధి చివర మిషన్ల కాలం నాటి చర్చి ఉంది. మాస్టారు బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ, ఆ తర్వాత కూడా, అక్కడ హార్మోనియం ముందు కూర్చుని పాటలు పాడిస్తున్నారు. నేను వెళ్ళి చెట్టు అడిగితే పూర్తిగా వినకుండానే తల ఊపేశారు.

"కట్టుకో అమ్మాయ్. చెట్టుకేం నొప్పి? కాయ దించేవాడితో మాత్రం చెప్పు, చూసుకోక కోసేస్తాడు."

ఆయన భార్య, నేను ఆంటీ అంటాను, కాఫీ గ్లాసు చేతిలో పెడుతూ అడిగారు. "కొంగలు రాకుండానా పాపా? ఇక్కడ మనకి చేపలు లేవు కదే."

ఆ మాట ఎందుకన్నారో నాకు మండవల్లి వెళ్ళాక అర్థమైంది. ఎండకీ వానకీ చివకని తాడు అక్కడ దొరుకుతుందని గూడెం అంకుల్ చెప్పారు. గూడెం అంకుల్ అంటే తాడేపల్లిగూడెంలో ఉండే హామ్. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి రిటైరయ్యారు. నాకు ఆయన గాలిలో పరిచయం కాదు, వాట్సాప్ గ్రూపులో పరిచయం. ఆయన లెక్కలో రేడియో మీద మాట్లాడేవాళ్ళంతా, పదిహేనేళ్ళ పిల్లాడైనా సరే, 'ఓల్డ్ మాన్'. నన్నేమనాలో తేలక చివరికి 'అమ్మా' దగ్గర ఆగారు.

బస్సు ఏలూరు దాటిన కాసేపటికే కొల్లేరు చెరువులు మొదలయ్యాయి. రెండు వైపులా నీళ్ళు, నీళ్ళ మధ్య గట్లు, గట్ల మీద మేత బస్తాలు. ప్రతి చెరువు మీదా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నల్లటి తాళ్ళు వరసగా లాగి కట్టారు, పక్షులు చేపల మీద వాలకుండా. ఫోన్ తీసి వీడియో తీస్తూ కూర్చున్నాను. ఎవరో మొత్తం కొల్లేటికే యాంటెన్నాలు కట్టినట్టుంది. మండవల్లిలో చెరువుల సామాను దుకాణంలో అదే తాడు అడిగితే, షాపాయన "చెరువు ఎన్నెకరాలండీ?" అన్నాడు. చెరువు లేదు, డాబా అన్నాను. ఆయన తాడు కొలిచి ఇచ్చాడు. బుట్టలోంచి వలకి కట్టే సీసపు గుళ్ళు నాలుగు తీసి పొట్లం కట్టిచ్చాడు, తాడు చెట్టు మీదుగా విసరడానికి పనికొస్తాయని నేనే అడిగాను కాబట్టి.

మొదటిసారి విసిరితే గుండు మాస్టారి వంటింటి రేకు మీద పడింది. రెండోసారి మట్టలో ఇరుక్కుంది. ఆంటీ పెరట్లో నిలబడి, "ఎడం పక్కకి పాపా, ఇంకాస్త... అయ్యో, అది నా ఎడం" అని చెబుతుంటే, చివరికి పడాల్సిన చోట పడింది. గాలికి చెట్టు ఊగితే తీగ తెగకుండా తాడుని చిన్న కప్పీ మీదుగా దించి, చివర ఇసక నింపిన పచ్చడి సీసా వేలాడదీశాను. చెట్టు ఇటు వంగితే సీసా కిందికి, అటు వంగితే పైకి. మాస్టారు కుర్చీ పెరట్లో వేసుకుని, అది ఎక్కడం దిగడం చూస్తూ పేపరు చదివారు.

ఆ సాయంత్రం సెట్ ఆన్ చేసి ఊరికే విన్నాను. ముందు వాన పడుతున్నట్టు శబ్దం. అందులోంచి సన్నగా ఎవరో తమిళంలో దగ్గారు. అంతే, ఒక్క దగ్గు. నేను పట్టలేక అమ్మని పిలిచి వినిపించాను.

"ఇందుకేనా ఇంత హడావిడి?" అంది అమ్మ. "ఫోనుంది కదే చేతిలో ఎప్పుడూ."

అందరూ అడిగేది ఇదే. ఫోనుండగా ఇదెందుకని. నిజమే, నా చేతిలో ఫోన్ లేని నిమిషం ఉండదు. కానీ ఫోన్లో ఎవరితో మాట్లాడతామో ముందే తెలుసు. పేరు, ఫొటో, నిన్న చివరిగా ఎప్పుడు చూశాడో కూడా. రేడియోలో 'ఎవరైనా ఉన్నారా' అని అడుగుతాం. ఎవరు పలుకుతారో తెలీదు, పలుకుతారో లేదో కూడా తెలీదు. ఇది అమ్మకి చెబితే, "దానికి డాబా ఎక్కడమెందుకు, వీధిలోకి వెళ్ళి అడుగు" అంది.

మాట్లాడటం మాత్రం ఇంకా మొదలుపెట్టొద్దన్నారు గూడెం అంకుల్. ముందు ఎర్త్ పెట్టాలి. ఉరుముల రోజులు, పైన తీగ, కింద మనిషి. రాగి కడ్డీ ఒకటి నేలలో లోతుగా దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చి, సెట్ నుంచి దానికి తీగ కలపాలి. మా ఇంటికీ మాస్టారి గోడకీ మధ్య సందులో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అంతకంటే మంచి చోటు లేదు. మర్నాడు డాబా మీద నిలబడి అంకుల్‌తో మాట్లాడాను. సిగ్నలు సరిగా లేదు, ఆయనకి చెవులూ అంతంతమాత్రమే. కాబట్టి నేను అరిచాను. పక్క డాబా మీద ఆంటీ మిరపకాయలు తిరగేస్తున్నారు. చెయ్యి ఊపితే ఆవిడా ఊపారు.

నేనన్న మాటలు ఇవి. ఇప్పటికీ దాచుకోవలసిన మాట ఇందులో ఒక్కటీ లేదు.

"మాస్టారి వైపే ఎర్త్ పెడతాను అంకుల్! ఆఁ, గట్టిగానే పెడతాను! ఒకసారి పెట్టానంటే మళ్ళీ కదలకూడదు... మాస్టారికా? ఆయనకి చెప్పేదేముంది, మన వైపు నుంచే కదా పెట్టేది!"

మధ్యాహ్నం గొయ్యి తవ్వి, కడ్డీ దించి, బొగ్గూ ఉప్పూ పోసి, బిందెడు నీళ్ళు కుమ్మరించాను. చేతులు బొబ్బలెక్కాయి. ఫొటో తీసి గ్రూపులో పెట్టి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే తీగ మా డాబా మీద చుట్టలుచుట్టి పడి ఉంది. తాడు చెట్టు మీద లేదు. మధ్య గోడ మీద పొందిగ్గా చుట్టి పెట్టారు. దాని పక్కన కప్పీ, దాని పక్కన ఇసక సీసా, సీసాకి మూత కూడా బిగించి ఉంది.

కోపంతో తెంపేసి ఉంటే నాకు అర్థమయ్యేది. ఇంత శుభ్రంగా సర్దిపెడితే ఏమనుకోవాలి? వెళ్ళి అడిగాను. మాస్టారు వాకిట్లోకొచ్చారు.

"రండి, లోపలికి రండి. కూర్చోండి."

"తాడు ఎందుకు తీసేశారు మాస్టారూ?"

"అబ్బే, ఏం లేదండీ. చెట్టు పాతది కదండీ. మీకెందుకు ఇబ్బందని."

"నాకేం ఇబ్బంది లేదు!"

"మీకుండదనుకోండి. కాఫీ తీసుకుంటారా?"

కాఫీ తాగి వచ్చేశాను. అదే నాకు ఒళ్ళు మండింది. అడగడానికి వెళ్ళి కాఫీ తాగి వచ్చాను. సాయంత్రం అమ్మ బ్యాంకు నుంచి రాగానే చెప్పాను, మనిషి మాత్రం చాలా మర్యాదగా మాట్లాడాడని కూడా కలిపి. అమ్మ చెప్పులు విప్పుతున్నదల్లా ఆగింది.

"నిన్ను మీరు అన్నారా?"

"ఆఁ. అండీ కూడా అన్నారు."

"ఆంటీ?"

"ఆవిడ అసలు బయటికే రాలేదు. లోపల్నుంచే 'ఆవిడగారికి కాఫీ ఇమ్మంటారా?' అంది."

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఆవిడగారా! ఏం చేశావే? మా వైపు వాళ్ళు తిడితే భయం లేదు. చిన్నదానివి, నిన్ను మీరూ అండీ అని పిలిచారంటే నీ మొహం చూడటం ఇష్టం లేదని."

ఇదెక్కడి పద్ధతో నాకిప్పటికీ అర్థం కాదు. హైదరాబాదులో కోపమొస్తే మర్యాద తగ్గుతుంది. ఇక్కడ పెరుగుతుంది. ఇంకాస్త కోపమొస్తే ఏమంటారు, తమరా? అమ్మ నన్ను నోరు మూసుకుని ఉండమంది. తనే వెళ్ళి ఆంటీతో "వదినగారూ, బాగున్నారా?" అని మాటలు కలిపింది. ఆవిడ "బాగున్నామండీ" అన్నారు. ఈవిడ మళ్ళీ వెళ్ళి మామిడికాయలిచ్చింది. ఆవిడ తిరిగి జంతికలు పంపారు. ఇద్దరూ ఇలా ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. తాడు గోడ మీదే ఉంది. ఎవరూ అసలు సంగతి ఎత్తరు. వీధిలో కుర్రాళ్ళు, చర్చిలో పాటలు పాడేవాళ్ళే, మైకులో 'బుయ్' మని మోత వస్తోంది చూసిపెట్టండక్కా అని అంతకుముందే నన్నడిగి ఉన్నారు. వాళ్ళు మళ్ళీ వస్తే, ముందు నా చెట్టు సంగతి తేలనివ్వండి అని పంపేశాను.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యి మాస్టారూ ఆంటీ రిక్షా దిగుతుండగా నేను సందులో ఎర్త్ గొయ్యికి నీళ్ళు పోస్తున్నాను. గోడ మీంచి ఆంటీ చూశారు. చూసి, "ఎండలో ఎందుకండీ శ్రమ" అన్నారు.

అంతే, నా ఓపిక తెగిపోయింది. బకెట్ అక్కడే పడేశాను.

"ఆంటీ, నన్ను అండీ అనకండి! తిట్టండి, కొట్టండి, అంతేగానీ ఇంకొక్కసారి అండీ అన్నారంటే గోడ దూకి వస్తాను!"

వీధి వీధంతా వినబడి ఉంటుంది. అమ్మ లోపల్నుంచి "ఒసేయ్" అంటూ పరిగెత్తుకొచ్చింది. ఆంటీ మొహం ఎర్రబడింది. బైబిలు సంచి గోడ మీద పెట్టారు, తాడు చుట్ట పక్కనే.

"తిట్టమంటున్నావు కాబట్టి తిడతాను. ఆయన నీకేం అన్యాయం చేశాడే? అడగ్గానే చెట్టిచ్చాడు కదే! చర్చిలో ఆ కుర్రాళ్ళు కీబోర్డు పెట్టుకుంటాం, మాస్టారు తప్పుకోవాలని కమిటీలో అడుగుతున్నారు, వాళ్ళంటే కుర్రకారు. నువ్వూ వాళ్ళతో కలిసి ఆయనకి ఎర్త్ పెడతావా? గట్టిగా పెడతావా? మళ్ళీ కదలకూడదా? నా చెవులతో నేను విన్నాను!"

అప్పుడు తోచింది నాకు. ఒకడి ఉద్యోగానికో కుర్చీకో వెనక నుంచి గొయ్యి తవ్వడాన్ని ఎర్త్ పెట్టడం అంటారని నాకు తెలియదా? మా ఆఫీసులో రోజూ వినే మాటే. కానీ చేతిలో రాగి కడ్డీ పట్టుకున్నవాడికి ఎర్త్ అంటే ఎర్తే.

"ఇదిగో ఆంటీ ఎర్త్!" అని గొయ్యి చూపించాను. "కడ్డీ! రాగి కడ్డీ! పిడుగు నా నెత్తిన పడకుండా!"

ఆంటీ గోడ మీంచి వంగి చూశారు. గొంతు కాస్త తగ్గింది. "అయితే ఉప్పూ బొగ్గూ పూడ్చావెందుకు? మేం అలాంటివి నమ్మమనుకో. అయినా గోడ పక్కన ఉప్పూ బొగ్గూ ఏంటని రాత్రుళ్ళు నిద్ర లేదు నాకు."

"ఏంటి, చేతబడా?"

"నేనలా అనలేదు," అన్నారు ఆంటీ వెంటనే. "ప్రార్థన మాత్రం చేసుకున్నాను."

మాస్టారు చుట్టూ తిరిగి మా సందులోకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె. వంగి కడ్డీ తల పట్టుకుని ఊపారు. కదల్లేదు. ఇంకోసారి ఊపారు.

"ఇదేనా నాకు పెట్టిన ఎర్తు?"

"అవును మాస్టారూ."

"గట్టిగానే పెట్టావు అమ్మాయ్" అన్నారు. అనేసి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ గోడకి చేరగిలబడ్డారు. ఆంటీ "చాల్లెండి, దగ్గొస్తుంది" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు, వీధిలోకి చూస్తూ నిలబడింది, ఎంతమంది విన్నారోనని.

నాకు నవ్వు కూడా రాలేదు. 'పెట్టావు' అన్న మాట ఒక్కటే వినబడింది.

సాయంత్రానికి తాడు చెట్టెక్కింది. ఈసారి గుండు ఒక్క విసురుకే పడింది. సీసా మూత తీసి, కాస్త ఇసక ఎక్కువ పోసి వేలాడదీశాను. మర్నాడు పొద్దున మాస్టారు మా గదిలో స్టూలు మీద కూర్చున్నారు, ఏం జరుగుతుందో చూస్తానని. నేను పిలవడం మొదలుపెట్టాను, ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. మాస్టారు కిటికీలోంచి సీసా వైపు చూస్తున్నారు. మూడోసారికి ఎక్కడో కేరళ తీరం నుంచి ఒకాయన పలికాడు. నా గొంతు బాగా వినబడుతోందన్నాడు. వాళ్ళ దగ్గర మబ్బు పట్టిందన్నాడు. నేను మా దగ్గర ఎండ కాస్తోందన్నాను. యాంటెన్నా ఏమిటని అడిగితే, తీగ, కొబ్బరిచెట్టు అన్నాను. తనదీ కొబ్బరిచెట్టేనన్నాడు. అంతే.

"ఎవరతను? తెలుసా నీకు?" అన్నారు మాస్టారు.

"తెలీదు."

"ముక్కూ మొహం తెలియనివాడు వాళ్ళ ఊళ్ళో మబ్బేసిందని చెప్పడానికా ఇదంతా?"

"అవును మాస్టారూ."

ఆయన స్టూలు సెట్ దగ్గరికి జరుపుకున్నారు. "బాగుంది. ఇంకోసారి పిలువు."

చర్చి మైకులో మోత కూడా తర్వాత పోయింది. దానికీ ఎర్త్ లేదు మరి. ఈసారి గొయ్యి తవ్వేముందు, ఎవరికి పెడుతున్నానో, దేనికి పెడుతున్నానో కమిటీ పెద్దలందరి ముందూ వివరంగా చెప్పమన్నారు ఆంటీ. చెప్పాను. పాటలు ఎవరు పాడించాలన్నది వాళ్ళ సంగతి, ఇప్పటికైతే మాస్టారే పాడిస్తున్నారు. వీధిలో మాత్రం నాకు పేరు పడిపోయింది, మాస్టారికి ఎర్త్ పెట్టిన పిల్ల అని. ఆంటీ ఇప్పుడు మిరపకాయలు ఎండబెట్టే ముందు సీసా వంక చూస్తారు. సీసా ఊరికే ఎక్కి దిగుతుంటే గాలి ఎక్కువగా ఉందని చాటలు కిందికి దించేస్తారు. నేను కనబడితే "ఏమే, నీ సీసా ఇవాళ స్థిమితంగా లేదు" అంటారు.

అమ్మ మాట మాత్రం మారలేదు. కాస్త ఓపిక పట్టి మెత్తగా అడిగి ఉంటే అరుపులు లేకుండానే పోయేదట. మెత్తగా నేను అడిగాను, కాఫీ ఇచ్చారు. మెత్తగా తనూ అడిగింది, జంతికలు ఇచ్చారు. మామిడికాయలు వెళ్ళాయి, జంతికలు వచ్చాయి, ఆవిడేమో నా గొయ్యి చూసి రాత్రుళ్ళు ప్రార్థన చేసుకుంటున్నారు, తాడు గోడ మీద ఎండుతోంది. ఆ ఆదివారం నేను అంత గొంతు పెట్టి అరవబట్టే ఆ 'ఎర్త్' అన్న మాట ఆవిడ నోట్లోంచి బయటపడింది. అరవకుండా, అండీ అంటే అండీ అనుకుంటూ ఆ తాడు మళ్ళీ చెట్టెక్కించే దారి ఏదైనా ఉందంటారా? ఉంటే, ఏదీ, చెప్పండి చూద్దాం?